గ్యాస్‌ను పసిగట్టే బండి: మీ ప్రశ్నలు, మా జవాబులు

మనిషి అడుగుపెట్టకూడని చోటికి రిమోట్ బండిని పంపి, అక్కడ ప్రమాదకరమైన గ్యాస్ ఉందో లేదో చూడటం గురించి వచ్చిన ప్రశ్నలివి. ఎక్కువ భాగం కాలేజీ ప్రాజెక్టుల వాళ్లవి. ఫ్యాక్టరీల నుంచీ గనుల నుంచీ వచ్చినవి తక్కువే అయినా వాటికి కాస్త వివరంగా రాశాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

వై-ఫై ఉన్న ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డు, ఎంక్యూ-2 (మండే గ్యాస్, పొగ), ఎంక్యూ-7 (కార్బన్ మోనాక్సైడ్) సెన్సర్లతో నాలుగు చక్రాల బండి చేస్తున్నాం. మోటార్లు తిరగగానే బోర్డు రీసెట్ అవుతోంది. సామాన్లు ఏవి వాడాలి, కరెంటు ఎలా పంచాలి?
— డిప్లొమా ఫైనలియర్ విద్యార్థులు, కాకినాడ

సగం తప్పు హీటర్లది, సగం మోటార్లది. ఎంక్యూ సెన్సర్ జాలీ కింద టిన్ ఆక్సైడ్ పూత పూసిన చిన్న గొట్టం, దాని లోపల హీటర్ తీగ ఉంటాయి. ఒక్కో హీటరు 5 వోల్టుల మీద 150 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, అదీ ఆన్ చేసి ఉన్నంతసేపూ. రెండు సెన్సర్లకు 300. వై-ఫై సిగ్నల్ పంపే క్షణంలో ఈఎస్‌పీ32 సొంతంగా అరఆంపియర్ దరిదాపుల్లోకి పోతుంది. మోటార్లు కదిలే క్షణంలో బ్యాటరీ వోల్టేజీ కుంగుతుంది. వీటన్నిటినీ మోటార్ డ్రైవర్ బోర్డు మీదున్న 5 వోల్టుల పిన్నుకే తగిలిస్తే రీసెట్ కాక ఏమవుతుంది?

రెండు 18650 సెల్స్‌ను సిరీస్‌లో పెట్టండి. 7.4 వోల్టులు వస్తాయి. 2500 మిల్లీఆంపియర్ అవర్ సెల్స్ చాలు. ప్రొటెక్షన్ బోర్డు తప్పనిసరి, 5 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ కొసకు వీలైనంత దగ్గర ఉండాలి. బ్యాటరీ నుంచి రెండు దారులు తీయండి. ఒకటి నేరుగా మోటార్ డ్రైవర్‌కి. రెండోది వోల్టేజీ తగ్గించే 3 ఆంపియర్ల బక్ కన్వర్టర్‌కి. మల్టీమీటరు పెట్టి దాని స్క్రూను 5.0 వోల్టులకు తిప్పిన తర్వాతే సెన్సర్లు, బోర్డు తగిలించండి. కన్వర్టర్ అవుట్‌పుట్ మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, ప్రతి మోటార్ రెండు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ అతకండి.

డ్రైవర్ అంటే అందరూ ఎల్298ఎన్ కొంటారు. అది పాతకాలపు చిప్పు, రెండు వోల్టుల దాకా దానిలోనే వేడిగా పోతాయి. 7.4లో మోటార్లకు మిగిలేది అయిదు చిల్లర. టీబీ6612 బోర్డు మేలు, ఒక్కో ఛానెల్‌కి 1.2 ఆంపియర్లు ఆపకుండా ఇస్తుంది. పసుపు రంగు గేరు మోటార్లు మామూలుగా 200 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల నడుస్తాయి గానీ చక్రం ఇరుక్కుంటే ఒక్కొక్కటీ ఆంపియర్ దగ్గరికి పోతుంది. ఒక పక్కనున్న రెండు మోటార్లూ ఒకే ఛానెల్ మీద ఉంటాయి కాబట్టి, చక్రం తిరగడం లేదని తెలిసిన రెండు సెకన్లలో ఆపేసేలా ఎన్‌కోడర్ (చక్రం తిరుగుడు లెక్కించే సెన్సర్) పెట్టుకోండి.

ఇక సెన్సర్ అవుట్‌పుట్. ఎంక్యూ మాడ్యూల్ 5 వోల్టుల దాకా ఇవ్వగలదు, ఈఎస్‌పీ32 పిన్ను తట్టుకునేది 3.3 మాత్రమే. పైన 10 కిలోఓములు, కింద 20 కిలోఓముల రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ తగ్గించే డివైడర్ కట్టండి. 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నులే వాడండి. మిగతా అనలాగ్ పిన్నులు వై-ఫై ఆన్‌లో ఉన్నప్పుడు పనిచేయవు. బెంచీ మీద బాగానే చదివి, ఫోన్‌కి కనెక్ట్ చేయగానే చచ్చిపోయే ప్రాజెక్టుల్లో చాలావాటి జబ్బు ఇదే.

మాడ్యూల్ వెనక లోడ్ రెసిస్టర్‌ను భూతద్దంతో చూడండి. దాని మీద 102 అని ఉంటే 1 కిలోఓమ్ అన్నమాట. చౌక బోర్డుల్లో అదే ఉంటుంది, తక్కువ గాఢతలు దానితో సరిగా తెలియవు. 103 అని ఉన్న 10 కిలోఓముల రెసిస్టర్ వేసుకోండి. మీ 30 కిలోఓముల డివైడర్ దానికి సమాంతరంగా పడుతుంది కాబట్టి లెక్కలో 10 కాకుండా 7.5 వాడాలి. సెన్సర్ దగ్గర వోల్టేజీ 0.6 అనుకుందాం. 5 నుంచి 0.6 తీసేసి, 0.6తో భాగించి, 7.5తో గుణిస్తే సెన్సర్ నిరోధం 55 కిలోఓములు. ఎంక్యూ-2కి ఇది మంచి గాలిలో తీసిన అంకె అయితే, డేటాషీట్ గ్రాఫు మంచి గాలికి ఇచ్చే 9.8తో భాగించండి. వచ్చే 5.6 మీ సెన్సర్ మూల నిరోధం, అంటే తర్వాతి రీడింగులను పోల్చే ఆధారం. నెట్‌లో దొరికే కోడ్‌లో ఎవరో రాసిన అంకెను యథాతథంగా దించుకుంటే పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో గ్యాస్ ఎన్ని వంతులు) లెక్క మొత్తం గాలిలో దీపమే.

ఎంక్యూ-7ని మీరు వాడుతున్న పద్ధతే తప్పు. దాని హీటర్‌కి 60 సెకన్లు 5 వోల్టులు, తర్వాత 90 సెకన్లు 1.4 వోల్టులు ఇచ్చి, ఆ తక్కువ వేడి దశ చివర్లో కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్ తీసుకోవాలి. మాడ్యూల్ బోర్డు మీద హీటర్ ఎప్పుడూ 5 వోల్టుల మీదే ఉంటుంది, కాబట్టి అది చూపేది కార్బన్ మోనాక్సైడ్ అని నమ్మడానికి లేదు. మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టి దశలు మార్చండి, లేదా గ్యాస్ రసాయన చర్యతో పుట్టే కరెంటును కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ కొనండి.

కొత్త సెన్సర్లను మొదటిసారి కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు వేడెక్కనివ్వాలి. ఆ తర్వాత బయల్దేరే ముందు ప్రతిసారీ పావుగంట. ఇంత సామాను మీద బండి గంటన్నర నడుస్తుంది. బండి నిలబడి ఉన్నా హీటర్లు బ్యాటరీ తింటూనే ఉంటాయని మరవకండి.

గ్యాస్ ఏమీ లేకపోయినా బండి కదలగానే రీడింగ్ పెరుగుతోంది, ఆగితే తగ్గుతోంది. సెన్సర్ మార్చినా అంతే.
— ఇంజినీరింగ్ విద్యార్థిని, వరంగల్

చక్రాలు నేలకు తగలకుండా బండిని ఇటుక మీద ఎత్తి పెట్టి మోటార్లు తిప్పండి. అప్పుడూ పెరిగితే లోపం వైరింగ్‌లో ఉంది. ఎత్తినప్పుడు నిలకడగా ఉండి, నిజంగా నడిచినప్పుడే మారితే గాలి తాకిడి వల్ల.

వైరింగ్ అయితే ముందు గ్రౌండు తీగ చూడండి. మోటార్ కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లేటప్పుడు సెన్సర్ గ్రౌండు గుండా పోతుంటే, 0.1 ఓమ్ తీగలో 1 ఆంపియర్‌కి 0.1 వోల్టు తేడా వస్తుంది. మంచి గాలిలో సెన్సర్ ఇచ్చేదే అరవోల్టు అయినప్పుడు అది అయిదో వంతు తప్పు. మోటార్ల గ్రౌండు, సెన్సర్ల గ్రౌండు విడివిడి తీగలతో తెచ్చి బ్యాటరీ నెగటివ్ దగ్గర మాత్రమే కలపండి. బ్రెడ్‌బోర్డు మీద మోటార్లు నడపొద్దు.

గాలి తాకిడి అయితే, నడుస్తున్నప్పుడు జాలీ మీదికి తోసుకొచ్చే గాలి పూతను చల్లబరుస్తోంది. వేడి మారితే నిరోధం మారుతుంది. సెన్సర్ చుట్టూ చిల్లుల మూత పెట్టి, గాలి పక్కనుంచి నెమ్మదిగా వచ్చేలా చేయండి. కంప్యూటర్ ఫ్యాన్‌ను నేరుగా సెన్సర్ మీదికి తిప్పడం మాత్రం రోగం కంటే మందు ముదిరినట్టే.

తేమ సంగతి కూడా చూసుకోవాలి. డేటాషీట్ గ్రాఫులు 20 డిగ్రీలు, 65 శాతం తేమ దగ్గర గీసినవి. మన వర్షాకాలపు సాయంత్రం అటు వేడి, ఇటు తేమ రెండూ ఎక్కువే, అప్పుడు సెన్సర్ నిరోధం తగ్గి గ్యాస్ ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కనే తేమ, ఉష్ణోగ్రతల సెన్సర్ ఒకటి పెట్టి సవరణ చేసుకోవాలి. ల్యాబ్‌లో శానిటైజర్ రాసుకున్న చేతితో ఎంక్యూ-2ని ముట్టుకున్నా, పక్కన అగరొత్తి వెలిగించినా అది లేస్తుంది. ఏదో ఉందని చెప్పడమే దాని పని, ఏమిటో తేల్చడం దానివల్ల కాదు.

సిగరెట్ లైటర్ గ్యాస్ వదిలితే అలారం మోగింది. సెన్సర్ బాగున్నట్టే కదా?
— గుంటూరు నుంచి ఒక పాఠకుడు

తీగ తెగలేదని మాత్రం తెలిసింది. లైటర్ నుంచి వచ్చేది దాదాపు పూర్తి బ్యూటేన్. అలారం మోగాల్సింది గాలిలో 0.2 శాతం ఉన్నప్పుడు. అంత గాఢంగా తగిలితే సెన్సర్ మామూలు స్థితికి రావడానికి చాలాసేపు పడుతుంది. గ్యాస్‌ను లోపల కాల్చి ఆ వేడిని కొలిచే కేటలిటిక్ సెన్సర్ అయితే పాడే అయిపోవచ్చు.

సరైన పద్ధతి బంప్ టెస్ట్, అంటే గాఢత తెలిసిన గ్యాస్ వదిలి సెన్సర్ ఎంత చూపుతుందో చూడటం. సర్టిఫికెట్‌తో వచ్చే కాలిబ్రేషన్ సిలిండర్ తీసుకోండి. మీథేన్‌కి 2.5 శాతం సిలిండర్ ఎక్కువ వాడకంలో ఉంది. మీథేన్ అంటుకోవడానికి కనీసం 5 శాతం ఉండాలి కాబట్టి ఇది సరిగ్గా సగం, మీటరు 50 శాతం ఎల్‌ఈఎల్ (అంటుకోవడానికి కావాల్సిన కనీస గాఢత) చూపాలి. నిమిషానికి అరలీటరు చొప్పున కప్పు పెట్టి వదిలి, ఎంత చూపింది, ఎన్ని సెకన్లలో చూపింది రెండూ రాసుకోండి. ప్రాణాలు ఆధారపడే పనికైతే వాడే ప్రతి రోజూ ఇది చేయాలి. అంకె సరిగానే ఉండి సమయం పెరుగుతూ పోతుంటే ముందున్న ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతోంది. సమయం మారకుండా అంకె పడిపోతుంటే సెన్సర్ చస్తోంది. బండి మీద సిలికాన్ సీలెంట్ పూసినా, సిలికాన్ స్ప్రే కొట్టినా ఆ ఆవిర్లు ఎంక్యూలనూ కేటలిటిక్ సెన్సర్లనూ విషంలా చంపేస్తాయి. నీళ్లు చొరబడకుండా అని బాక్సు నిండా సీలెంట్ పట్టించే వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

సెన్సర్‌ను బండి మీద ఎంత ఎత్తులో పెట్టాలి? ఎంత వేగంతో నడపాలి?
— వంటగ్యాస్ గోడౌన్ నిర్వాహకులు, కర్నూలు

మీ గోడౌన్‌లో వెతికేది ఎల్‌పీజీ. అది గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, కారిన చోటి నుంచి నేల మీద పాకుతూ పల్లంలోకి, కాలువల్లోకి చేరుతుంది. సెన్సర్ ముక్కు నేలకు 5 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో, బండి ముందు భాగాన ఉండాలి. మీథేన్, హైడ్రోజన్ అయితే పైకప్పు కిందికి చేరతాయి, వాటికి స్తంభం కట్టి పైకి ఎత్తాలి. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలిదే, అది ఎక్కడైనా ఉంటుంది.

రెండు ఎత్తులూ కావాలంటే రెండు గొట్టాలు, ఒక చిన్న పంపు పెట్టి గాలిని లోపలి సెన్సర్ దాకా లాగుకోవచ్చు. 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 2 మీటర్ల పొడవున్న గొట్టంలో 25 మిల్లీలీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి అరలీటరు లాగే పంపుకి అది ఖాళీ కావడానికి 3 సెకన్లు. గొట్టం టెఫ్లాన్‌దైతే మంచిది. రబ్బరు గొట్టాల గోడలు హైడ్రోజన్ సల్ఫైడ్, క్లోరిన్ లాంటివాటిని పీల్చేసుకుంటాయి, సెన్సర్‌కి చేరేది తగ్గిపోతుంది. కొసన నీటిని ఆపే ఫిల్టర్ లేకపోతే మొదటి గుంటలోనే పంపు నీళ్లు తాగుతుంది.

వేగం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. సెన్సర్ అసలు విలువలో 90 శాతానికి చేరడానికి 30 సెకన్లు పడుతుందనుకోండి. సెకనుకు అరమీటరు నడిచే బండి ఆలోగా 15 మీటర్లు దాటిపోతుంది. లీకు ఉన్న చోట తెర మీద సున్నా, గోడ దగ్గరికి వెళ్లాక అలారం! మీరు గోడ దగ్గర వెతుకుతారు. సెకనుకు 10 నుంచి 20 సెంటీమీటర్లకు మించకుండా, రెండు మీటర్లకోసారి నిలిపి, ఒక నిమిషం ఆగి చదవండి. రీడింగ్‌తో పాటు సమయం, బండి ఉన్న చోటు రికార్డు కావాలి. కదులుతూ వచ్చిన సున్నాను 'గ్యాస్ లేదు' అని రాసుకోకండి.

ఒక చిట్కా. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, అంటే అయిదో వంతు. ఏదైనా గ్యాస్ వచ్చి గాలిని పక్కకు తోస్తే ఆక్సిజన్ తగ్గేది అందులో అయిదో వంతే. ఆక్సిజన్ 20.4కి పడిందంటే, అక్కడ దాదాపు 2.4 శాతం ఇంకేదో గ్యాస్ ఉన్నట్టు. ఎల్‌పీజీ అంటుకోవడానికి 2 శాతం లోపే చాలు. కాబట్టి అరశాతం తగ్గుదలను 'చిన్న తేడా' అని కొట్టిపారేయకూడదు.

అయితే ఒక మాట. మీరు ఇంట్లో తయారుచేయించిన బండి అయితే గోడౌన్‌లో గ్యాస్ వాసన వస్తున్నప్పుడు దాన్ని లోపలికి పంపొద్దు. కారణం కింది జవాబులో ఉంది.

మా ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ స్టోర్, హైడ్రోజనేషన్ గది ఉన్నాయి. లీకు అనుమానం వచ్చినప్పుడు పంపడానికి రోబో కావాలి. స్థానికంగా చేయించుకుంటే ఖర్చు తక్కువ. ఏం చూసుకోవాలి?
— సేఫ్టీ అధికారి, పరవాడ

సెన్సర్‌ను గురించి తర్వాత అడగండి. ముందు అడగాల్సింది, ఈ బండి దానికదే నిప్పురవ్వ అవుతుందా అని. బ్రష్షులున్న డీసీ మోటార్‌లో బ్రష్షు కమ్యూటేటర్ మీద రాసుకున్న ప్రతిసారీ రవ్వ లేస్తుంది. రిలే తెరుచుకున్నా, బ్యాటరీ కనెక్టరు వదులై ఊగినా అంతే. ప్రొపేన్ అంటుకోవడానికి పావు మిల్లీజౌల్ శక్తి చాలు, హైడ్రోజన్‌కి 0.02 మిల్లీజౌల్ చాలు. అది మనకు కనిపించే రవ్వ కూడా కాదు. ప్లాస్టిక్ చక్రాలు ఎపాక్సీ నేల మీద దొర్లితే పుట్టే స్థిర విద్యుత్తే దానికి ఎక్కువ.

'20 శాతం ఎల్‌ఈఎల్ రాగానే పవర్ కట్ అయ్యేలా ప్రోగ్రాం రాస్తాం' అని తయారీదారు అంటే ఒప్పుకోకండి. సెన్సర్ చెప్పేలోపు బండి మేఘం మధ్యలో ఉంటుంది, పైగా ఆ పవర్ కట్ చేసే రిలేనే రవ్వ కొడుతుంది.

మీ ప్లాంట్ హజార్డస్ ఏరియా డ్రాయింగ్ తీయండి. మండే వాయువు ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0, మామూలు పనిలో ఉండే అవకాశమున్నది జోన్ 1, ఏదో లోపం వచ్చినప్పుడు కాసేపు ఉండేది జోన్ 2. లీకు అయినప్పుడే రోబోను పంపుతారు కాబట్టి, డ్రాయింగ్‌లో జోన్ 2 అని ఉన్న గదిని కూడా ఆ సమయంలో జోన్ 1గా అనుకుని ఎంచుకోవడం మా సలహా.

రోబో నేమ్‌ప్లేటు మీద 'ఎక్స్' గుర్తు తర్వాత వచ్చే అక్షరాలు చదవండి. రక్షణ పద్ధతి ఒకటి: 'డీ' అంటే లోపల పేలినా మంట బయటికి రాని బలమైన పెట్టె, 'ఐ' అంటే రవ్వ పుట్టినా అంటించలేనంత తక్కువ శక్తితో నడిచే సర్క్యూట్. తర్వాత గ్యాస్ గ్రూపు, అంటే గ్యాస్ ఎంత సులువుగా అంటుకుంటుందో చెప్పే తరగతి. మీ మిథనాల్, అసిటోన్, టోలుయిన్‌లకు టూఏ సరిపోతుంది, హైడ్రోజనేషన్ గదికి టూసీ, లేదా టూబీ ప్లస్ హైడ్రోజన్ అని రాసి ఉన్నదే పనికొస్తుంది. ఆపైన ఉపరితల ఉష్ణోగ్రత తరగతి: టీ4 అంటే ఏ భాగమూ 135 డిగ్రీలు దాటదు, టీ6 అంటే 85. పైవాటికి టీ4 చాలు. కార్బన్ డైసల్ఫైడ్ వాడేచోట మాత్రం టీ6 కావాలి, అది 90 డిగ్రీల వేడికే తనంతట అంటుకుంటుంది.

మన దేశంలో పెట్రోలియం, రసాయన ప్రాంగణాల్లో వాడే ఇలాంటి ఎలక్ట్రికల్ పరికరాలకు నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అనుమతి ఉంటుంది. మొత్తం రోబోకి సర్టిఫికెట్ ఉందా, లేక అందులోని కెమెరాకి మాత్రమే ఉందా అని కాగితం తిప్పి చూడండి. ఒక్కో భాగానికి సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అవన్నీ కలిపి బిగించిన బండికి వచ్చినట్టు కాదు. జోన్ 1 సర్టిఫికెట్‌తో ప్రపంచంలో దొరికేవి కొద్దే: స్విట్జర్లాండ్‌లో తయారయ్యే నాలుగు కాళ్ల ఎనీమల్ ఎక్స్, నెదర్లాండ్స్‌కి చెందిన ఎక్స్‌రోబోటిక్స్ వాళ్ల బండి అలాంటివి. ఖరీదు ఎక్కువే. అంత పెట్టలేకపోతే, అదే డబ్బులో కొంత భాగంతో స్థిరమైన గ్యాస్ డిటెక్టర్ల సంఖ్య పెంచి, కిటికీ అద్దం గుండా బయటి నుంచి చూసే లేజర్ మీథేన్ డిటెక్టర్ లాంటివి మీ గ్యాసులకు పనికొస్తాయేమో చూడటం, సర్టిఫికెట్ లేని రోబో కొనడం కన్నా వెయ్యి రెట్లు నయం. ఆ లేజర్ మీథేన్‌ను మాత్రమే పడుతుంది, సాల్వెంట్ ఆవిర్లను కాదు.

ఛార్జింగ్, బ్యాటరీ మార్చడం ఎప్పుడూ సురక్షిత ప్రాంతంలోనే.

బాయిలో పేలుడు జరిగాక మనుషుల కన్నా ముందు రోబోను పంపొచ్చు కదా? ఎందుకు పంపరు?
— సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

పంపారు. ఫలితాలు చేదుగా ఉన్నాయి. 2006 జనవరి 2న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో సేగో గని పేలినప్పుడు వీ2 అనే రోబోను దించారు, దారిలోనే దిగబడిపోయింది. 2010 నవంబరు 19న న్యూజిలాండ్‌లోని పైక్ రివర్ గనిలో పేలుడు జరిగి 29 మంది లోపల చిక్కుకుపోయారు. సైన్యం దగ్గరున్న బాంబు నిర్వీర్యం చేసే రోబోను పంపితే పైనుంచి కారే నీళ్లు లోపలికి చేరి షార్ట్ అయి నిలిచిపోయింది. బాంబు రోబో బజారులో, భవనంలో నడవడానికి చేసినది, గని నీటికి కాదు. నవంబరు 24న అదే గనిలో రెండో పేలుడు జరిగింది. రక్షక దళాన్ని లోపలికి పంపకుండా ఆపిన భయం ఉత్తదేమీ కాదు.

గనిలో చిక్కులు మూడు. మొదటిది సంకేతం. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తిన్నని గ్యాలరీలో కొన్ని వందల మీటర్లు పోవచ్చు, ఒక్క మలుపు తిరిగితే పడిపోతుంది. అందుకే ఫైబర్ తీగ వాడతారు. ఆ తీగ చుట్ట గని నోటి దగ్గర కాదు, రోబో మీదే ఉండాలి, తాను నడుస్తూ వెనక్కి వదులుతూ పోవాలి. నోటి దగ్గర పెడితే ప్రతి మూల దగ్గరా తీగ రాసుకుంటూ ఈడ్చుకుపోవాల్సి వస్తుంది. అయినా తిరిగి వచ్చేటప్పుడు ఆ తీగే కాళ్లకు చుట్టుకుంటుంది. జపాన్‌లో ఫుకుషిమా రియాక్టర్ భవనంలోకి వెళ్లిన క్విన్స్ రోబో 2011 అక్టోబరులో కేబుల్ చిక్కుకుని అక్కడే ఉండిపోయింది.

రెండోది సెన్సర్ మోసం. కేటలిటిక్ సెన్సర్ మీథేన్‌ను లోపల కాల్చి, ఆ వేడిని కొలుస్తుంది. కాలడానికి ఆక్సిజన్ కావాలి. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుంది. 15 దాటి ఇంకా పెరిగితే ఆక్సిజన్ తగ్గిపోయి సెన్సర్ అంకె వెనక్కి తిరుగుతుంది. 40 శాతం మీథేన్ ఉన్న చోట అది తక్కువ అంకె చూపి 'బాగానే ఉంది' అనిపించగలదు. పేలుడు తర్వాత అలాంటి చోట్లు ఉంటాయి. అందుకే గని రోబోకి ఆక్సిజన్‌తో పనిలేని ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, 100 శాతం దాకా కొలిచే థర్మల్ కండక్టివిటీ సెన్సర్ పెట్టాలి, పక్కన ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు ఉండాలి. మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ మూడూ కలిపి చూస్తేనే లోపల మంట ఇంకా ఉందో ఆరిందో అంచనా దొరుకుతుంది.

మూడోది బరువు. గని పరికరాలకు వేరే గ్రూపు ఉంది, గ్రూప్ 1. పైన చెప్పిన ఫార్మా రోబో సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు, డీజీఎంఎస్ (గనుల భద్రతా డైరెక్టరేట్) ఆమోదం కావాలి. రవ్వ బయటికి రాని పెట్టెలన్నీ మందపాటి లోహంతో చేస్తే వీ2 లాగా అర టన్ను దాటుతుంది. అంత బరువును కూలిన రాళ్ల మీద ఎక్కించాలి. తేలిక చేస్తే రక్షణ పోతుంది, రక్షణ పెంచితే కదలదు. ఇంజినీర్లు ఇంకా ఈ ముడి దగ్గరే ఉన్నారు.

మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగే ముందు చూడటానికి చిన్న రోబో చేయించాలనుకుంటున్నాం. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పసిగట్టే ఎంక్యూ-136 సెన్సర్ సరిపోతుందా?
— మున్సిపల్ కాంట్రాక్టరు, విజయవాడ

రోబో అక్కర్లేదు, ఎంక్యూ-136 అసలే వద్దు. మూడు నాలుగు మీటర్ల లోతుకి పంపు, గొట్టం ఉన్న నాలుగు గ్యాసుల మీటరు చాలు. అది ఆక్సిజన్, మండే గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూస్తుంది. మూత పూర్తిగా తీయకముందే సందులోంచి గొట్టం దించి పైన, మధ్యలో, అడుగున ఒక్కో చోట రెండు నిమిషాలు ఆగి చదవండి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే కాస్త బరువు, అడుగునే ఎక్కువ. ఆక్సిజన్ 19.5 కంటే తక్కువున్నా, మండే గ్యాస్ 10 శాతం ఎల్‌ఈఎల్ దాటినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దాటినా లోపల మనిషికి చోటు లేదు.

ఆ అంకెలు బాగున్నా పని మొదలయ్యాక మారిపోతాయి. బురదను కర్రతో కదిపితే అందులో ఇరుక్కున్న గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది. కాబట్టి కదిపి, మళ్లీ చూడాలి. కుళ్లిన గుడ్ల వాసన రావడం లేదని ధైర్యపడకండి. 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు, అది ప్రాణాపాయ స్థాయి కూడా.

అసలు మనిషిని దింపే ఆలోచనే వద్దు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి మనుషుల్ని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. శుభ్రం చేసే పనే రోబోకి ఇవ్వాలంటే తిరువనంతపురానికి చెందిన జెన్‌రోబోటిక్స్ 2018లో తెచ్చిన బ్యాండికూట్ లాంటివి ఉన్నాయి. గ్యాస్ సెన్సర్లు, కెమెరాలు దానిలోనే ఉంటాయి, రోబో భాగం లోపలికి దిగుతుంది, నడిపేవాళ్లు పైనే ఉంటారు.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో అమ్మోనియా కంప్రెసర్ గది ఉంది. అమ్మోనియా తేలిక కదా, సెన్సర్‌ను పైన పెడితే సరిపోతుందా?
— భీమవరం

వాయువుగా తేలికే. కానీ ద్రవ అమ్మోనియా పైపు పగిలి చిమ్మినప్పుడు చల్లటి తుంపరగా, గాలిలోని తేమతో కలిసి తెల్లటి పొగమంచులా నేల మీదే పాకుతుంది. కాసేపటికి వేడెక్కాక పైకి లేస్తుంది. కాబట్టి కిందా పైనా రెండు చోట్లా గాలి తీసుకోవాలి. 300 పీపీఎం దగ్గరే మనిషికి ప్రాణాపాయం, మండటానికి మాత్రం 15 శాతం కావాలి. అందుకే ఇక్కడ మీకు కావాల్సింది పీపీఎం స్థాయిలో చదివే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్. గాఢమైన మేఘంలో కాసేపు ఉంటే దాని లోపలి రసాయనం ఖర్చయిపోయి ఆ తర్వాత సున్నా చూపిస్తుంది. మేఘంలోంచి వచ్చిన ప్రతిసారీ బంప్ టెస్ట్ చేయందే నమ్మకండి.

అమ్మోనియా రాగినీ ఇత్తడినీ తింటుంది. బండి కనెక్టర్లు టిన్ పూతవో నికెల్ పూతవో ఉండాలి, బోర్డులకు కన్ఫార్మల్ కోటింగ్ (తేమ, రసాయనాలు తగలకుండా కాపాడే పలుచటి పూత) వేయించాలి. శీతల గదిలోకి మైనస్ 18 డిగ్రీలకు పంపితే బ్యాటరీ మామూలంత సేపు రాదు. బయటికి తెచ్చాక సెల్స్ వేడెక్కేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు, సున్నా డిగ్రీల కింద లిథియం సెల్‌ను ఛార్జ్ చేస్తే లోపల లోహం పేరుకుని ఆనక షార్ట్ అవుతుంది. చల్లటి బండి బయటి ఉక్కపోతలోకి రాగానే కెమెరా అద్దం మీదా బోర్డుల మీదా నీరు పడుతుంది, ఆరేదాకా స్విచ్ వేయకండి.

బండి బదులు డ్రోన్ పంపితే త్వరగా అవుతుంది కదా?
— బీటెక్ విద్యార్థి, హైదరాబాద్

మూసి ఉన్న గదుల్లో వద్దు. రెక్కల కింది గాలి నేల మీద పరుచుకున్న గ్యాస్‌ను చెదరగొట్టి కలిపేస్తుంది. లీకు ఎక్కడో తెలియదు, పైగా మందంగా ఉండి అంటుకోని మేఘాన్ని పలచబరిచి అంటుకునే గాఢతకు తెచ్చే ప్రమాదమూ ఉంది. ఆరుబయట, పొడవైన పైప్‌లైన్ మీద, లేజర్‌ను కిందికి గురిపెట్టి పైనుంచి వెళ్లే డ్రోన్ మాత్రం బండి కంటే చాలా మేలు. ఆ లేజర్ చూపే అంకె పీపీఎం కాదు, పీపీఎం-మీటరు. 10 మీటర్ల మందాన 100 పీపీఎం ఉన్నా, ఒక మీటరు మందాన 1000 ఉన్నా అదే 1000 చూపుతుంది. రిపోర్టులో ఆ యూనిట్ మార్చి రాస్తే చదివేవాళ్లు తప్పుదారి పడతారు.